తాండ్ర ఆరేదాకా

"గర్భసంచి తీయించేద్దాం. పీడా పోతాది," అన్నాడు మా ఆయన, నోట్లో ఇడ్లీ ముక్క పెట్టుకుంటా. చట్నీలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పినాడు. నేనప్పుడు వంటింటి గడప దగ్గర పీటేసుకొని ఊరగాయకి వాక్కాయలు కోస్తుండాను. వాక్కాయలు కోసినోళ్లకి తెలుసు, ఆ పాలు వేళ్లకి అంటుకుంటే ఒక పట్టాన వదలవు. చేతులకి నూనె రాసుకొని, కాయని నిలువునా చీల్చి, లోపలి గింజల్ని పిన్నీసు మొనతో గీకి పారెయ్యాల. ఆ పనిలో ఉన్నప్పుడు ఎవరేమన్నా తలెత్తబుద్ధి కాదు. నేనూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నవ్వేదాన్నో ఏడ్చేదాన్నో నాకే తెలీదు.

మా అత్త వరలక్ష్మమ్మ కుర్చీలో కూర్చొని మోకాళ్లకి తైలం రుద్దుకుంటా ఉండాది. "చేయించురా. యాభై దాటింది దీనికి. తగ్గాల్సిన వయసులో పెరుగుతా ఉండాది. పోయిన నెల ఎన్నాళ్లు కూర్చునిందో చూసినావు గదా? శ్రావణమాసంలో ఇల్లాలు మిద్దె మీద, ఊరగాయ పెట్టే రోజుల్లో జాడీ ముట్టను వీల్లేదు. ఇదేం సంసారం?" అనింది.

"నెల్లూరులో మాట్లాడినానమ్మా. సోమవారం పొద్దున ఫస్టు బస్సుకి పోదాం. మన శ్రీనివాసులు పెళ్ళానికి కూడా ఆడే చేసినారు. తొందరగానే లేచి పన్జేసుకుంటా ఉండాదంట."

లేచి పన్జేసుకుంటా ఉండాదంట. ఆపరేషను బాగా అయిందా లేదా అనేదానికి మా ఇంట్లో అదీ కొలత. ఆయన చెయ్యి కడుక్కొని కొట్లోకి పోయినాడు. నా కడుపు, నా సంచి, నన్నొక మాట అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. కొట్లో పాత తక్కెడ తీసేసి ఎలక్ట్రానిక్ తక్కెడ పెట్టేటప్పుడు మాత్రం గుమాస్తాని కూడా అడిగినాడు మహానుభావుడు.

అసలు సంగతేందంటే, నాకది ఆగిపోయి ఏడాది కావస్తా ఉండాది. పోయిన దీపావళికి ముందొచ్చిందే కడసారి. ఆ తర్వాత రాలేదు. రాకపోయినా నేను నెలనెలా "బయట చేరినాను" అని చెప్పి మిద్దెక్కుతానే ఉండాను. లేని రోగానికి కోత పెట్టించుకునేదాకా తెచ్చుకున్నానంటే, అదేదో ఊరికే చేసిన పని కాదు. చెప్తాను.

నేను పుట్టింది ఉదయగిరిలో. మా పుట్టింట్లో కూడా ఆ రోజుల్లో దూరంగానే కూర్చునేవాళ్లం. కానీ వసారాలోనే, అవ్వ పక్కన, ఆమె కబుర్లు వింటా. ఆత్మకూరు బజారు వీధిలో ఈ ఇంటికి కోడలిగా వచ్చినాకనే అది ఎంత అవమానమో తెలిసింది. ముందు బియ్యం, పప్పుల కొట్టు, వెనక ఇల్లు, మిద్దె మీద ఒక్క గది. ఆ గదిలో ఒక చాప, ఒక స్టీలు పళ్లెం, ఒక చెంబు. నేను కొత్త కోడల్ని. మొదటి నెల మెట్లెక్కతా ఉంటే కొట్లో సరుకు దించేవాళ్లు తలెత్తి చూసినారు. మా ఆయన "ఇయ్యాల టీ లేదు, అమ్మగారు పైనుండారు" అని వాళ్లకి చెప్పినాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. నెలనెలా అదే. బజారంతటికీ నా నెల లెక్క తెలుసు. అన్నం మెట్టు మీద పెట్టి, "తీసుకోమ్మే" అని కేకేసి మా అత్త వెనక్కి తిరిగి పొయ్యేది, కుక్కకి పెట్టినట్టు. ఆ అన్నం ఏడ్చుకుంటా తిన్నాను చానాసార్లు.

ఎప్పుడు మారిందంటే, పిల్లోడు పుట్టినాక. తెల్లారి లేచి పొయ్యి ముట్టిస్తే మళ్లా పడక మొహం చూసేసరికి కొట్టు షట్టర్ దించిన తర్వాతే. ముప్పొద్దులా వంట, వచ్చే పోయే వ్యాపారస్తులకి కాఫీలు, పండక్కి పబ్బానికి బంధువులు. అంతమందిలో ఒక్కరూ "నువ్వు తిన్నావా?" అని అడిగిన పాపాన పోలేదు. అట్టాంటి బతుకులో నెలకొకసారి మిద్దె మీద చాపేసుకొని, కింద గిన్నెలు పడిన చప్పుడు వింటా, "అది నాది కాదులే" అనుకుంటా పడుకుంటే, అబ్బ, ఆ సుఖం చెప్పలేను. అవమానానికి పంపించిన చోటే నాకు ఊపిరాడింది. పక్కింటి రెబెకమ్మ మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. ఒకరోజు గోడమీంచి ఆమెతో, "మీకు నయం టీచరమ్మా, మీలో ఈ మైలలు అవీ లేవు" అన్నాను. ఆమె నవ్వి, "మైల లేదు నిజమే, రెస్టు కూడా లేదు. జొరమొచ్చినా నేనే వండాల. నీకు దేవుడు తలుపుకి గడియన్నా పెట్టినాడు" అనింది. ఇద్దరిలో ఎవరికి నయమో తేల్చుకోలేకపోయినాం.

తర్వాత మా అత్తకి మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేక, "నీ కూడు నువ్వే వండుకో" అని ఒక కరెంటు పొయ్యి, ఒక గిన్నె పైకి పంపించింది. శిక్ష అనుకొని పంపించింది. దాంతో నా కథ మారిపోయింది.

పెరటి గోడ పొడవునా వాక్కాయ కంప ఉండాది. నా పెళ్లయిన కొత్తలో దొంగలు దూకకుండా ముళ్ల కంచెగా ఉంటాదని మా నాయన ఉదయగిరి నుంచి తెచ్చి నాటించినాడు. అదిప్పుడు మిద్దె పిట్టగోడ దాకా లేచింది. మా అత్తకి పచ్చి వాక్కాయే వాక్కాయ. ఆకుపచ్చ మీద ఎరుపు తిరిగిన కాయలు కోయించి పప్పులోకి, పచ్చట్లోకి, ఏడాదికి సరిపడా ఊరగాయలోకి. పండి నల్లబడితే "ఇంక పనికిరాదు, పిట్టలకి వదిలెయ్" అంటాది. ఆ నల్లటి పండ్లన్నీ ఎండ తగిలే పైకొమ్మల్లో, సరిగ్గా నా పిట్టగోడ పక్కనే. బయట చేరిన ఆడది చెట్టు ముడితే చెట్టు ఎండిపోతాదని అంటారు. ముట్టినాను. కంప నాకన్నా బలిసింది.

మొదట ఊరికే తిన్నాను. తీపి, పులుపు, చివర్లో కొంచెం వగరు. నాలుక అల్లనేరేడు రంగు. తర్వాత ఒకరోజు గిన్నెలో పోసి ఉడకబెట్టినాను. పండ్లు పగిలి రసం చిక్కటి ఎరుపుకి తిరిగింది. జల్లెడలో వేసి గింజలు పోయేదాకా రుద్ది, బెల్లం వేసి, శొంఠి దంచి వేసి, చిటికెడు ఉప్పు తగిలించి కలియబెట్టినాను. ఎంతకీ గట్టిపడదే! రెండోసారి నాలుగు దోరకాయలు కూడా వేసి చూసినాను, గరిటె నుంచి జారకుండా నిలబడింది. ఆ రోజు మిద్దె మీద ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. అంతే, ఇంక పట్టపగ్గాల్లేవు. రసం వడగట్టి చక్కెర పాకంలో కలిపి సీసాలో పోసుకుంటే ఎండాకాలానికి షర్బత్తు. ఉప్పులో దొర్లించి ఎండబెట్టుకుంటే ఒరుగులు, ముసురు రోజుల్లో చారులోకి. మిరియాలు, బెల్లం వేసి దగ్గరికి ఉడికిస్తే దోసెలోకి నంజుకునే పులుసు. పులిహోర కూడా చేసినాను. అన్నం ఊదారంగులోకి తిరిగి పెళ్ళికూతురు చీరలాగా ఉండింది.

నేను పైన వండింది కింద ఎవరూ ముట్టరు. అది శాపం అనుకున్నాను చానా ఏళ్లు. ఒకరోజు గరిటె నాకతా ఉంటే తట్టింది: ముట్టరు అంటే, వంక పెట్టరు. కారం ఎక్కువైందనరు. మా అమ్మ చేసినట్టు లేదనరు. "ఇంకో రెండు వెయ్" అని పళ్లెం చాపరు. పెళ్లయినాక నా నోటి కోసం నేను వండుకున్న వంట అదొక్కటే. అట్టాంటిది, పోయిన దీపావళి తర్వాత నా ఒంట్లో అది ఆగిపోయినప్పుడు నాకు భయమేసింది. వయసైపోయిందని కాదు, గది పోతాదని. అందుకే చెప్పలేదు.

అయితే మనిషికి ఆశ ఎక్కువ. పోయిన నెల తాండ్ర పోసినాను. మామిడి తాండ్ర పోసినట్టే, వాక్కాయ గుజ్జుని నెయ్యి రాసిన పళ్లెంలో పలచగా పరిచి, పైన పాత పంచె గుడ్డ కప్పి ఎండలో పెట్టినాను. మామూలుగా నేను తలకి పోసుకొని కిందికి దిగాల్సిన రోజుకి మబ్బు పట్టింది. తాండ్ర వేలికి అంటుకుంటా ఉండాది. వదిలేసి పోతే బూజు పడతాది. ఏం చెయ్యను? మెట్ల మీంచి "ఇంకా తగ్గలేదత్తా" అని కేకేసినాను. మరుసటి రోజూ మబ్బే. మళ్లా కేకేసినాను. ఆ తర్వాత రోజు కూడా. తాండ్ర పొరలు పొరలుగా లేచి వచ్చేదాకా నాకు తగ్గలేదు. అదీ నా రోగం. ఆ రోగానికే మా ఆయన నెల్లూరులో కత్తులు సిద్ధం చేయిస్తా ఉండాడు.

ఇడ్లీ తిని ఆయన కొట్లోకి పోయినాక నేను వాక్కాయలు సగంలో వదిలేసి లేచినాను. "బయట చేరినానత్తా" అన్నాను. "చూడండమ్మా, నెల తిరక్కముందే!" అని ఆమె నెత్తి కొట్టుకునింది. మంటలో నెయ్యి పోసినానని తెలుసు. కోపంలో బుద్ధి పనిచెయ్యదు గదా. మా కోడలు శ్రీదివ్య వచ్చి నా పీట మీద కూర్చొని మిగిలిన కాయలు అందుకునింది. ఆ పిల్ల మా పిల్లోడు వెంకటసాయిని చేసుకొని మొన్న వేసవిలోనే వచ్చింది. కర్నూలులో చదువుకున్న పిల్ల, నోట్లో నాలుక లేనట్టుంటాది.

పైన చాప మీద పడుకొని ఆలోచించినాను. నిజం చెప్తే గది పోతాది. చెప్పకపోతే గర్భసంచి పోతాది. నెల్లూరు పోతే ఆడ డాక్టరమ్మ చూసి చెప్పదా అంటే, చెప్పచ్చు, చెప్పకపోవచ్చు. మా ఇంట్లో మగాళ్లు మాట్లాడుకొని వచ్చినాక ఆడదాని మాట ఎవరు విన్నారు గనక? మా మేనత్త వెంకమ్మకి ఇట్టనే "పీడా పోతాది" అని తీయించినారు. ఆమె నడుము ఈనాటికీ నిలబడలేదు. సిగ్గేసింది, యాభై ఏళ్లొచ్చి నాలుగు రోజుల రెస్టు కోసం దొంగాటలాడతా ఉండానే అని. మళ్లా అంతలోనే ఒళ్లు మండింది. దొంగాట ఆడితే తప్ప దొరకని రెస్టు ఎవరి తప్పు?

పొద్దువాలతా ఉంటే మెట్ల మీద చప్పుడైంది. శ్రీదివ్య. మొహం పాలిపోయుండాది. "ఏందమ్మా, నువ్వు పైకి రాకూడదు గదా, అవ్వ చూస్తే?" అన్నాను. ఆ పిల్ల వచ్చి నా చాప మీద, నా పక్కనే, కడుపు పట్టుకొని మెలిక తిరిగి పడుకునింది. "అత్తయ్యా, కొంచెంసేపు. ఒకటే నొప్పి" అనింది. నాకు ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి.

"నువ్వూ..?"

"పొద్దున్నించే. నేను ఎప్పుడూ చెప్పను అత్తయ్యా. వచ్చినప్పట్నించి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఈ గదిలో కూర్చుంటే కొట్లో అందరికీ తెలుస్తాది. నాకు చచ్చేంత సిగ్గు. మాత్ర మింగి పని చేసుకుంటాను."

"మరి ఊరగాయ?"

"ఉప్పు, పసుపు కలిపి జాడీకెత్తినాను. ఈ చేత్తోనే."

నిజం చెప్తుండాను, ఇన్నేళ్లు ఈ మైలల్ని తిట్టుకున్నదాన్ని, ఆ మాట వినంగానే ముందు "అయ్యో, జాడీ!" అనుకున్నాను. బూజు పడితే ఎట్టా అనుకున్నాను. మనసులో ఎంత లోతుగా నాటినారో చూడండి. తర్వాత నవ్వొచ్చింది. లేనిది ఉండాదని పైన కూర్చున్నదాన్ని నేను, ఉన్నది లేదని కింద పన్జేసినది అది. "నాకు ఆగిపోయి ఏడాదైంది దివ్యా" అన్నాను. అది నొప్పి మరిచిపోయి లేచి కూర్చునింది. తాండ్ర తుంచి నోట్లో పెట్టి కథంతా చెప్పినాను. మబ్బు పట్టి తాండ్ర ఆరని సంగతి చెప్పేసరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఇద్దరం పొర్లి పొర్లి నవ్వినాం. నవ్వి నవ్వి అది ఏడ్చేసింది. "ఆపరేషన్ వద్దత్తయ్యా. చెప్పేయండి" అనింది.

ఆదివారం తలకి పోసుకొని కిందికి దిగినాను. అత్త జాడీ ముందు పెట్టుకొని వాసెన గుడ్డ విప్పుతా ఉండాది. పొద్దున్నే శ్రీదివ్య ఆ ముక్కల్లో కారం, ఆవపిండి కలిపి తాలింపు పోసి పెట్టింది. నా కాళ్లు గడప దగ్గరే ఆగిపోయినాయి. అత్త ఒక బద్ద తీసి నాలిక మీద పెట్టుకొని, కళ్లు మూసుకొని చప్పరించింది. "అబ్బబ్బ! ఏం కుదిరిందే! నా చేతి కింద కూడా ఇట్ట కుదర్లేదు. మైల తగలని చెయ్యంటే ఇదీ" అనింది. శ్రీదివ్య తల వంచుకొని పెదిమ కొరుక్కుంటా ఉండాది.

మా ఆయన అప్పుడే కొట్లోంచి వచ్చినాడు. "రేపు ఫస్టు బస్సు. బట్టలు సర్దుకున్నావా?"

"సర్దుకోలేదు. నేను రాను."

"భయమా? మత్తిస్తారే, తెలీదు నీకు."

"నాకు ఆగిపోయి ఏడాదైంది" అన్నాను.

ఆయన నా మొహం చూసినాడు, వాళ్లమ్మ మొహం చూసినాడు. "మరి నెలనెలా..?"

"ఊరికే పోయినాను. పడుకునేదానికి. నాకిష్టమైంది వండుకునేదానికి. ఎవరూ ఉషా ఉషా అని పిలవకుండా ఉండేదానికి."

ఆ మాట అనేసినాక, అబ్బా, బిగదీసి కట్టుకున్న కొప్పు విప్పేసినట్టయింది నాకు. ఏమవుతాదో అని ఇన్నాళ్లూ భయపడినానే, ఏమీ కాలేదు. గోడలు నిలబడే ఉండాయి. ఆయన మాత్రం ఎగిరినాడు. "ఇంత అబద్ధమా? నెల్లూరు దాకా మాట్లాడుకున్నానే, నలుగుర్లో నా పరువేం కావాల?" అన్నాడు. "మాట్లాడుకునే ముందు నన్నొక మాట అడిగుంటే పరువు దక్కేది గదా" అన్నాను. నాకే ఆశ్చర్యమేసింది.

ముందుగా తేరుకునింది మా అత్త. "పోనీలేరా, మంచిదే గదా! ఇంక నెలంతా ఇంట్లోనే ఉంటాది. ఆ గదిలోకి చింతపండు బుట్టలు ఎక్కించేయ్. కింద చోటు చాలక చస్తా ఉండాం" అనింది. మా ఆయన మొహం కూడా కొంచెం తేటపడింది. నా వయసైపోవడం వాళ్లకి గోడౌనుగా కలిసొచ్చింది.

"ఆ గదిలో ఏదీ పెట్టొద్దు అత్తా" అన్నాను. "నేను నెలనెలా పోతాను."

"ఆగిపోయిందంటివి గదా, ఇంక ఎందుకు?"

"ఇన్నాళ్లూ మీరు పంపిస్తే పోయినాను. ఇప్పట్నించి నేనే పోతాను. ఇప్పుడే పోతుండాను."

శ్రీదివ్య లేచి నిలబడింది. ఆ పిల్ల గొంతు ఇంట్లో అంత గట్టిగా విన్నది అదే మొదటిసారి. "నేనూ పోతాను అవ్వా. నాకు మొన్నట్నించి నడుము లాగేస్తా ఉండాది. నేను బయటున్నాను. ఊరగాయ కూడా బయటుండే కలిపినాను."

అత్త నోట్లో అప్పుడే పెట్టుకున్న ఇంకో వాక్కాయ బద్ద ఉండాది. బుగ్గ ఉబ్బెత్తుగా, చెయ్యి గాల్లో. దివ్య వైపు చూసింది, జాడీ వైపు చూసింది, నా వైపు చూసింది. ఉమ్ముతాదనుకున్నాను. జాడీ పెంటకుప్పలోకి పోతాదనుకున్నాను. ఆమె దవడ మెల్లగా కదిలింది. మింగేసింది.

"ఉప్పు ఒక రవ్వ తక్కువైంది" అనింది.

మేమిద్దరం మెట్లెక్కతా ఉంటే కింద మా ఆయన గొంతు, "ఇద్దరూ పైకి పోతే అన్నం ఎవరొండేది? మెస్సు నుంచి తెప్పించేదా?" అని. "హోటలు కూడు నా గొంతు దిగదని తెలీదా? కాళ్లు లేనిదాన్ని నేనా వండేది? నువ్వే ఇన్ని బియ్యం కడిగి పెట్టరా" అని మా అత్త. తర్వాత చానాసేపు గిన్నెలు వెతికిన చప్పుడు. దివ్య చాప పరిచి పడుకునింది. నేను పిట్టగోడ మీదికి వంగి నల్లటి పండ్లు కోసి కొంగులో వేసుకుంటుండాను. పుట్టినప్పట్నించి బియ్యం బస్తాల మధ్యనే పెరిగిన మనిషి, మెట్ల కింద నిలబడి పైకి కేకేసినాడు.

"ఉషా, గ్లాసు బియ్యానికి నీళ్లెన్ని పొయ్యాల?"